పట్టిక ఒక్కటైన చాలదు: సాఫ్ట్‌వేరు బృందములలో ప్యాకేజి మేనేజరు వెర్షనుల ఏకరూపత

మన పాఠశాలలో చదివి వెడలిన పిల్లలలో పలువురు నేడు బెంగుళూరు, చెన్నై, పుణె, హైదరాబాదు నగరములలో సాఫ్ట్‌వేరు వృత్తి నవలంబించి యున్నారు. బిల్డు పాడైనదనియు, రాత్రి నిద్ర లేదనియు వారు ఫోనులో చెప్పుట తల్లిదండ్రులకు పరిచితమైన మాటయే. పాడైన దేమియో, బాగుచేసిన దేమియో మనకు బోధపడదు, అడుగుటకు సంకోచింతుము. ఆ వృత్తిలో తఱచుగా ఎదురగు చిక్కులలో ఒకదానిని, ప్రోగ్రాము వ్రాయుట యెఱుగని వారికిని తెలియునట్లు వివరించుట ఈ పాఠమున కుద్దేశము.

నా కంప్యూటరులో సరిగానే నడచుచున్నది, నీ కంప్యూటరులో ఏల నడువదు అను వివాదము సాఫ్ట్‌వేరు కార్యాలయములలో నిత్యము వినవచ్చును. ఇద్దరును ఒకే ప్రోగ్రామును తీసికొనిరి. ఇద్దరి యొద్దను ఒకే సామగ్రి పట్టిక యున్నది. అయినను ఫలితము వేఱగుచున్నది. దీనికి గల కారణములలో సులభముగా కంటబడనిది, కనుగొన్న పిదప సులభముగా తొలగింపదగినది ఒకటి కలదు. పట్టిక ఒక్కటియే గాని, దానిని చదివి సామగ్రి తెచ్చు సాధనము ఒక్కటి కాదు.

1. ప్యాకేజి యనగా నేమి?

ఇల్లు కట్టించువాడు ఇటుకలను, మేకులను, తలుపు బందులను తానే తయారు చేసికొనడు, అంగడినుండి తెప్పించును. అట్లే ప్రోగ్రాము వ్రాయువాడు తేదీలు లెక్కించు భాగమును, తెరపై అక్షరములకు రంగు వేయు భాగమును మొదటినుండి తానే వ్రాయడు. ఇతరులు వ్రాసి అందఱ యుపయోగార్థము విడిచిపెట్టిన భాగములను తెచ్చి తన ప్రోగ్రామునందు కూర్చుకొనును. ఇట్టి సిద్ధభాగమునకు ప్యాకేజి యని పేరు.

జావాస్క్రిప్టు అను ప్రోగ్రాము భాషను దృష్టాంతముగా గైకొందము. ఈ భాషలోని ప్రోగ్రాములను బ్రౌజరు వెలుపల నడుపుటకు ర్యాన్ డాల్ అను నతడు 2009లో నోడ్ జేఎస్ అను సాధనమును వెలువరించెను. దానికి వలయు ప్యాకేజీలను తెచ్చి యమర్చుటకు ఐజాక్ ష్లూటర్ 2010లో ఎన్‌పీఎం అను సాధనమును కల్పించెను. ప్యాకేజీలు నిలువయుండు భాండాగారమునకును, వానిని తెచ్చు సాధనమునకును నేడు ఇదియే పేరు. తెచ్చు సాధనమునకు సామాన్యనామము ప్యాకేజి మేనేజరు. ఎన్‌పీఎం గాక యార్న్, పీఎన్‌పీఎం అను మఱి రెండు మేనేజరులును విరివిగా వాడుకలో నున్నవి.

ఒక ప్యాకేజిని తెప్పించిన పని ముగియదు. దానికి మఱికొన్ని ప్యాకేజీలు కావలెను. వానికి ఇంకను కొన్ని. మనిషి పది వస్తువులు కోరిన, మేనేజరు వందలకొలది తెచ్చుట సామాన్యము. వీనిలో ఏది ఎన్నవ కూర్పునకు చెందినదో మనిషి కూర్చుండి చూచుట దుస్సాధ్యము. ఆ భారమంతయు మేనేజరు మీదనే పడును.

2. కోరిక పట్టిక, తెచ్చిన వస్తువుల చిట్టా

ప్రతి ప్యాకేజికిని వెర్షను, అనగా కూర్పు సంఖ్య, యుండును. ఇది సాధారణముగా మూడు భాగములు గలది. ఉదాహరణమునకు 4.2.1 అను సంఖ్యను చూడుడు. పాత వాడుకకు భంగము కలిగించు మార్పు చేసినప్పుడు మొదటి యంకెను, భంగము లేక క్రొత్త సౌకర్యము చేర్చినప్పుడు రెండవ యంకెను, తప్పును మాత్రమే దిద్దినప్పుడు మూడవ యంకెను పెంచుట మర్యాద. ఇది మర్యాదయే గాని శాసనము కాదు. వ్రాసినవాడు పొరబడిన, చిన్న యంకె మార్పుతోడనే పెద్ద భంగము కలుగవచ్చును.

ప్రోగ్రాము వ్రాయు బృందము తనకు కావలసిన ప్యాకేజీలను ప్యాకేజ్ డాట్ జేసన్ అను ఫైలులో వ్రాయును. ఇది కోరిక పట్టిక. ఇందు ఒక కూర్పునే నిర్దేశింపక, 4.2.1 గాని, నాలుగవ వరుసకు లోబడినంతవరకు అంతకంటె క్రొత్తది గాని తెమ్మని వ్రాయుట అలవాటు. కావున ఈ దినము తెచ్చినవాడు ఒక కూర్పును, వచ్చే మాసము తెచ్చినవాడు వేఱొక కూర్పును పొందుట సంభవించును.

ఈ లోపమును తీర్చుటకు లాక్ ఫైలు ఏర్పడెను. ఫలానా ప్యాకేజి, ఫలానా కూర్పు, ఫలానా చోటనుండి తేబడినది అని ప్రతి వస్తువును గుర్తించిన చిట్టా యది. అంతేకాక, ప్యాకేజి లోపలి యక్షరములన్నిటినుండి గణించి తీసిన ముద్ర యొకటి అందు వ్రాయబడి యుండును. తెచ్చిన వస్తువులో ఒక్క యక్షరము మారినను ఆ ముద్ర సరిపడదు. యార్న్ 2016 అక్టోబరులో ఇట్టి చిట్టాతోనే ప్రకటితమయ్యెను. ఎన్‌పీఎం 2017లో తన 5వ వెర్షనునందు దీనిని ప్రవేశపెట్టెను. నాటినుండి కోరిక పట్టికను, చిట్టాను రెంటిని బృందమంతయు పంచుకొనుట ఆచారమైనది.

ఇంతటితో ఏకరూపత సిద్ధించినదని పలువురు తలచుచుందురు. సిద్ధింపలేదు. చిట్టాను వ్రాయునదియు మేనేజరే, చదువునదియు మేనేజరే. ఆ మేనేజరుకును వెర్షనులు కలవు.

3. ఆకాశ మొక్కటి, పంచాంగములు రెండు

తమిళనాడున నివసించు తెలుగు కుటుంబములకు వాక్య పంచాంగమును, తిరుకణిత పంచాంగమును రెండును తెలియును. ఆకాశ మొక్కటే; సూర్యచంద్రులు వేఱుకారు. అయినను గణిత పద్ధతి భిన్నమైనందున తిథి ముగియు వేళ మారును. ఒక్కొక్క యేట ఏదో యొక పండుగయే ఒక దినము ముందు వెనుక లగును. ఏ పంచాంగమును తప్పు పట్టుట ఇచ్చట మన పని కాదు. కాని ఒక సంఘము పండుగ జరుపదలచి, ఆహ్వానపత్రము అచ్చు వేయకముందే ఏ పంచాంగము ననుసరింతుమో నిర్ణయించుకొననిచో, సగము మంది ఒకనాడును సగము మంది మఱునాడును వత్తురు.

ప్యాకేజి మేనేజరుల విషయము ఇట్టిదే. ఒకే పట్టికను రెండు వెర్షనులు రెండు విధముల గణించును. ఎన్‌పీఎం చరిత్రనుండియే దీనికి రెండు నిదర్శనములు చూపవచ్చును.

మొదటిది చిట్టా యొక్క రూపము. ఎన్‌పీఎం 5, 6 వెర్షనులు చిట్టాను ఒకటవ రూపమున వ్రాసెడివి. 2020 అక్టోబరులో వెలువడిన 7వ వెర్షను రెండవ రూపమును, 2022 అక్టోబరులో వెలువడిన 9వ వెర్షను మూడవ రూపమును స్వీకరించెను. ఒక బృందమున ఒకరి యొద్ద 6వ వెర్షనును, మఱియొకరి యొద్ద 7వ వెర్షనును ఉన్నవనుకొందము. రెండవవారు ఒక చిన్న ప్యాకేజిని చేర్చిరి. వారి మేనేజరు చిట్టాను పూర్తిగా క్రొత్త రూపమున తిరిగి వ్రాసెను. మొదటివారి మేనేజరు ఆ చిట్టాను చూచి, ఇది నాకంటె క్రొత్త రూపమునకు చెందినది, చేతనైనంత ప్రయత్నింతును అని హెచ్చరించి పనికి దొరకొనును. తిరిగి వ్రాయునపుడు పాత రూపముననే వ్రాయును. ఈ విధమున చిట్టా దినదినము అటునిటు మారుచుండును. చేర్చినది ఒక ప్యాకేజి; మారినవి వేల పంక్తులు. ఆ వేల పంక్తులలో నిజమైన మార్పు ఏదియో పరిశీలించువారికి కనబడదు. పరిశీలింపవలసినవారు విసిగి, చూడకయే ఆమోదింతురు. అసలు అపాయ మిచ్చటనే కలదు.

రెండవది తెచ్చు వస్తువుల సంఖ్య. కొన్ని ప్యాకేజీలు తమ ప్రక్కన ఫలానా ప్యాకేజి యుండవలెనని కోరును. ఎన్‌పీఎం 3 మొదలు 6 వఱకు గల వెర్షనులు అట్టి తోడు ప్యాకేజి లేనిచో హెచ్చరించి ఊరకుండెడివి. 7వ వెర్షను తానే వానిని తెచ్చి యమర్చ నారంభించెను. తోడు ప్యాకేజీల కోరికలు పరస్పర విరుద్ధములైనచో పనిని నిలిపివేయును. కావున పాత వెర్షనుతో నిర్విఘ్నముగా సాగిన పని క్రొత్త వెర్షనుతో ఆగిపోవుట సంభవించెను. పట్టికలో ఒక్క యక్షరము మారలేదు.

ఈ మేనేజరు ఎట్లు మారునో కూడ గమనింపదగినది. ఎన్‌పీఎం ప్రత్యేకముగా రాదు. నోడ్ జేఎస్‌తో కలిసి వచ్చును. నోడ్ 14తో ఎన్‌పీఎం 6, నోడ్ 16తో ఎన్‌పీఎం 7 వచ్చినవి. క్రొత్త కంప్యూటరు కొని నోడును అమర్చుకొన్న ఉద్యోగి, తాను మేనేజరును మార్చితినని యెఱుగకయే మార్చియుండును. అందుచేతనే ఈ చిక్కు తఱచుగా క్రొత్తగా చేరిన పిన్నవారి పేర బయటపడును. నేరము వారిది కాదు. ఏ వెర్షను వాడవలెనో ఎచ్చటను వ్రాసిపెట్టని యేర్పాటుది.

4. కాలవ్యయము మాత్రమే కాదు, భద్రతయును

ఇంతవఱకు చెప్పినది కాలవ్యయమును గూర్చి. ఇంతకంటె గురుతరమైనది భద్రత.

ప్యాకేజి తేబడినంతనే, దానితో వచ్చిన చిన్న ఆజ్ఞాపత్రమును కంప్యూటరుచే నడిపించు నలవాటు చిరకాలముగా కలదు. యంత్రమునకు తగినట్లు ప్యాకేజి తన్ను తాను సిద్ధపఱచుకొనుటకై యేర్పడిన సౌకర్యమిది. దుష్టులకు ఇదియు నొక ద్వారమైనది. 2025 సెప్టెంబరు 8వ తేదీన, మోసపు ఉత్తరముతో ఒక ప్యాకేజీల నిర్వాహకుని ఖాతాను వశపఱచుకొని, చాక్, డీబగ్ మొదలైన మిక్కిలి ప్రసిద్ధములగు ప్యాకేజీలలో దొంగ ప్రోగ్రామును చేర్చిరి. కొన్ని గంటలలోనే కనుగొని తొలగించిరి. అదే మాసమున షాయి హులూద్ అను పేర బయల్పడిన పురుగు ప్రోగ్రాము, ప్యాకేజి నమర్చునప్పుడు నడచు ఆజ్ఞాపత్రమునే ఆధారము చేసికొని, ప్రోగ్రాము వ్రాయువారి రహస్యపు తాళములను దొంగిలించి, వారి పేరనే ఇతర ప్యాకేజీలకు ప్రాకెను.

ఇట్టి అపాయములకు మేనేజరులు చేసిన ప్రతిక్రియను చూడుడు. పీఎన్‌పీఎం 2025 జనవరిలో వెలువరించిన 10వ వెర్షనునందు, బృందము పేరుపేరున అనుమతించిన ప్యాకేజీలకు దక్క, తక్కిన వాని ఆజ్ఞాపత్రములను నడుపుట మానివేసెను. 9వ వెర్షను అన్నిటిని నడుపును. అదే సంవత్సరము సెప్టెంబరులో 10.16 వెర్షనునందు మఱియొక కట్టుబాటు వచ్చెను. ప్యాకేజి ప్రకటితమై ఇన్ని నిమిషములు గడచినగాని దానిని తేరాదు అని బృందము నియమము వ్రాసికొనవచ్చును. దొంగ ప్రోగ్రాములు పెక్కులు కొన్ని గంటలలోనే బయటపడుచున్నవి గనుక, ఒక దినమో రెండు దినములో ఆగినవారికి ఆ ప్రమాదము చాలవఱకు తప్పును.

ఇప్పుడు ఐదుగురు గల బృందము నూహింపుడు. నలుగురి యొద్ద 10.16 వెర్షను కలదు. ఐదవవారి యొద్ద 9వ వెర్షను మిగిలిపోయెను. ఆగవలెనను నియమము ఫైలులో వ్రాయబడియే యున్నది. పాత మేనేజరునకు ఆ నియమము తెలియదు; తెలియని పంక్తిని చూచి ఫిర్యాదు చేయదు, మౌనముగా దాటిపోవును. ఆజ్ఞాపత్రములను నడుపును. నాలుగు తలుపులకు గడియ వేసి ఐదవ తలుపు తెఱచియుంచిన యింటికి కాపుదల యేమి? అందఱును నియమము వ్రాసితిమని నమ్మియుందురు. నమ్మకమే వారిని ఏమరుపాటున ఉంచును.

5. నివారణోపాయములు

ఈ చిక్కునకు పరిహారము కష్టసాధ్యము కాదు. సూత్ర మొక్కటే: ఏ మేనేజరు, ఏ వెర్షను అను నిర్ణయము మనుష్యుల జ్ఞాపకమున గాక, ప్రోగ్రాముతోపాటు సంచరించు ఫైలులో ఉండవలెను, ఆ నిర్ణయమును మీఱినప్పుడు యంత్రమే అడ్డగింపవలెను. దీనిని అయిదు విధుల క్రింద వివరింతుము.

మొదటి విధి: మేనేజరు ఒక్కటే యుండవలెను. ఎన్‌పీఎం, యార్న్, పీఎన్‌పీఎం మూటిలో ఒకదానిని ఎంచుకొని, తక్కిన వాని చిట్టాలను తొలగింపవలెను. రెండు చిట్టాలు ప్రక్కప్రక్కన నున్నచో, ఒకటి దిద్దబడును, రెండవది కుళ్లును.

రెండవ విధి: వెర్షనును సంపూర్ణ సంఖ్యతో వ్రాయవలెను. ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ప్యాకేజ్ మేనేజర్ అను పేర ఒక పంక్తి కలదు. అందు పదియవది అనియో, క్రొత్తది అనియో వ్రాసిన చాలదు, మూడు భాగముల సంఖ్యను పూర్తిగా వ్రాయవలెను. పీఎన్‌పీఎం 10వ వెర్షను ఆ పంక్తిని చదివి, తాను వేఱు వెర్షనైనచో చెప్పిన వెర్షనునే తెచ్చి దానికి పని నప్పగించును. యార్న్ విషయమున కోర్‌ప్యాక్ అను సాధనము ఈ పని చేయును. ఇది 2021లో నోడ్ 16.9తో కలిసి రాసాగెను. 2025 అక్టోబరులో వచ్చిన నోడ్ 25 మొదలు నోడుతో రాదు, ప్రత్యేకముగా తెచ్చుకొనవలెను. ఈ మార్పు తెలియక, క్రొత్త నోడుపై కోర్‌ప్యాక్ ఉండునని నమ్ముట తగదు.

మూడవ విధి: ఎన్‌పీఎం వాడువారు, అది నోడుతో వచ్చును గనుక, నోడు వెర్షనును గూడ స్థిరపఱుపవలెను. దీనికై డాట్ ఎన్‌వీఎంఆర్‌సీ అను చిన్న ఫైలు కలదు. ఎన్‌వీఎం అను సాధనము దానిని చదివి తగిన నోడును ఎన్నుకొనును. ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ఇంజిన్స్ అను శీర్షిక క్రింద అంగీకృత వెర్షనులను వ్రాయవచ్చును. కాని సామాన్యముగా ఎన్‌పీఎం దీనిని చూచి హెచ్చరించునే గాని ఆగదు. ఇంజిన్ స్ట్రిక్ట్ అను నియమమును ఎన్‌పీఎం అమరిక ఫైలులో చేర్చినచో ఆగును. హెచ్చరికను చదువువారు అరుదు. ఆగిన పనిని చూడనివారు లేరు.

నాలుగవ విధి: అందఱి పనిని కూర్చి పరీక్షించు ఉమ్మడి యంత్రమునందును అదే వెర్షను ఉండవలెను. అచ్చట ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ అను ఆజ్ఞకు మాఱు, 2018లో వచ్చిన ఎన్‌పీఎం సీఐ అను ఆజ్ఞను వాడవలెను. ఇది పాత సరంజామాను తొలగించి, చిట్టాలో నున్నదానినే యున్నట్లు తెచ్చును. పట్టికకును చిట్టాకును పొసగనిచో ఆగిపోవును. చిట్టాను ఎన్నడును దిద్దదు. ఒక వెర్షనుతో వ్రాసిన చిట్టాను వేఱొక వెర్షనుతో ఇట్లు చదివింపగా, తోడు ప్యాకేజీలు చిట్టాలో లేవని పని నిలిచిపోవుట కలదు. బిల్డు పాడైనదని పిల్లలు చెప్పు మాటకు అర్థము కొన్ని వేళల ఇంతమాత్రమే.

అయిదవ విధి: వెర్షనును మార్చునపుడు ఆ మార్పును ఒంటరిగా చేయవలెను. ఒక దినము నిర్ణయించి, ఒకరు బాధ్యత వహించి, సంఖ్యను మార్చి, చిట్టాను తిరిగి వ్రాయించి, ఉమ్మడి యంత్రమున పరీక్షించి, అందఱకు తెలుపవలెను. ఆ దినమున అదే మార్పులో క్రొత్త సౌకర్యము గాని, వేఱు దిద్దుబాటు గాని కలుపరాదు. అప్పుడు ఏదేని చెడినచో కారణ మేదియో వెదకవలసిన పని యుండదు.

ఇట్టి కట్టుబాటు జావాస్క్రిప్టునకే పరిమితము కాదు. జావా ప్రపంచమున గ్రేడిల్ అను సాధనమునకు ర్యాపరు అను చిన్న తోడు ప్రోగ్రాము కలదు. గ్రేడిల్ ఏ వెర్షను కావలెనో తెలుపు ఫైలు దాని యొద్ద నుండును. క్రొత్తగా చేరినవారు ఆ ర్యాపరును నడిపిన చాలును. రూబీ భాషలోని బండ్లర్ అను మేనేజరు, చిట్టా తుదిని తన వెర్షనును తానే నమోదు చేయును. భాషలు వేఱైనను, అనుభవము నేర్పిన పాఠ మొక్కటియే.

6. ఒక సందేహము

వెర్షనును ఇట్లు బిగించినచో పాతదానికే కట్టుబడి యుండవలసి వచ్చునుగదా యని శంక కలుగవచ్చును. ఈ శంక న్యాయమైనదే. నోడ్ 16నకు పోషణ 2023 సెప్టెంబరులో ముగిసెను. అటుపిమ్మట దానియందు లోపము బయటపడినను దిద్దువారు లేరు. వెర్షనును వ్రాసి, మఱచి, ఏండ్ల తరబడి విడిచిపెట్టుట అజాగ్రత్తయే. కాని స్థిరపఱచుట వేఱు, స్తంభింపజేయుట వేఱు. వ్రాసియున్న సంఖ్యను మార్చుటకు ఒక్క పంక్తి దిద్దిన చాలును. అందఱును ఒక్కసారిగ ముందునకు సాగుదురు. వ్రాయని సంఖ్యను మార్చుట యెట్లు? ఎవరి యొద్ద నేమి యున్నదో యెఱుగుటకే ఒక దినము పట్టును. మూడు నెలల కొకసారియైనను ఈ సంఖ్యలను తిరిగి చూడవలెనని బృందము నియమము పెట్టుకొనుట మంచిది.

7. ఇంట పిల్లల నడుగదగిన ప్రశ్నలు

ఉద్యోగమున నున్న కుమారునితోనో, కళాశాలలో నలుగురితో కలిసి ప్రాజెక్టు చేయు కుమార్తెతోనో ఈ విషయమును ముచ్చటింపదలచిన తల్లిదండ్రులకు ఈ క్రింది ప్రశ్నలు సాయపడును.

(1) మీ బృందమున ప్యాకేజి మేనేజరు ఒక్కటేనా, ఎవరికి తోచినది వారు వాడుచున్నారా?

(2) ఏ వెర్షను వాడవలెనో ఎచ్చట వ్రాసియున్నది? ఫైలులోనా, పెద్దవారి నోటిలోనా?

(3) తప్పు వెర్షనుతో వచ్చినవారిని యంత్రము ఆపునా, హెచ్చరించి పంపునా?

(4) లాక్ ఫైలులో వేల పంక్తులు మారినప్పుడు ఎవరైన కారణ మడుగుదురా?

(5) రేపు క్రొత్తగా ఒకరు చేరినచో, ఎవరిని అడుగకయే పని ప్రారంభింపగలరా?

వీనికి సమాధానములు సరిగా నున్నచో మంచిదే. లేనిచో, ఆ పంక్తి వ్రాయుటకు పట్టు కాలము పది నిమిషములు. బృందమున మిక్కిలి పిన్నవారైనను దానిని సూచింపవచ్చును. దానికి అధికారము అక్కఱలేదు. పాఠశాలలో నేర్చిన లెక్కను మెట్టుమెట్టుగా వ్రాసి చూపవలెనని ఉపాధ్యాయులు మనలను నిర్బంధించిరి. సమాధానము వచ్చినంత మాత్రమున చాలదు, మఱియొకరు అదే త్రోవన పోయి అదే సమాధానమును పొందవలెనన్నదే వారి యభిప్రాయము. మన పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుండి చేయవలసిన పనియు అంతే.